కెరటము నడుమ కెమేరా: విశాలకోణ కటకమును ఎన్నుకొనుట

హవాయి ద్వీపములలో ఓహూ ద్వీపపు ఉత్తర తీరమున పైప్‌లైన్ అను చోటు ఒకటి గలదు. ఉత్తర పసిఫిక్ మహాసముద్రములో శీతకాలపు తుపానుల వలన పుట్టిన కెరటములు వేలకొలది కిలోమీటర్లు ప్రయాణము చేసి అక్కడికి వచ్చును. అంతవరకు లోతైన నీటిలో నడచిన కెరటమునకు అక్కడ హఠాత్తుగా లావా రాతిగట్టు అడ్డుపడును. కెరటపు ఎత్తునకు సుమారు 1.3 రెట్ల లోతుగల నీటిలోనికి రాగానే కెరటము విరుగునని స్థూలమైన లెక్క. విశాఖపట్నమందైనను, మచిలీపట్నమందైనను తీరమున విరుగు కెరటమునకు ఇదే లెక్క. కాని లోతు క్రమముగా తగ్గుచోట కెరటము నురుగుగా జారిపోవును. హఠాత్తుగా తగ్గుచోట దాని శిరస్సు ముందుకు దూకి, లోపల బోలుగానున్న గొట్టమువలె ఏర్పడును. ఆ గొట్టములో నుండి పలకపై నిలిచి దూసుకొని వచ్చుటయే సర్ఫింగు క్రీడలో పరమావధి.

ఆ గొట్టపు నోటివద్ద, కాళ్లకు రబ్బరు రెక్కలు తొడుగుకొని, నీరుచొరని పెట్టెలో నుంచిన కెమేరాను చేతబట్టి ఈదుచుండు మనిషి మరియొకడు కూడ ఉండును. అతడు ఛాయాగ్రాహకుడు. క్రీడాకారుడు అతని ముందు ఉండునది ఒకటి రెండు సెకనులు మాత్రమే. ఆ తరువాత అతని ఎదుట మిగులునది విరిగిపడుచున్న కెరటమే. దాని క్రిందుగా మునిగి తప్పించుకొనవలెను. అక్కడ నీటిలోతు కొన్నిచోట్ల మనిషి ఎత్తు కూడ ఉండదు, అడుగున రాయి. 2005లో అనుభవజ్ఞుడైన ఛాయాగ్రాహకుడొకడు అక్కడనే ప్రాణము గోల్పోయెను.

ఇట్టి పనికి పోవువాడు ఒడ్డున ఉండగనే ఒక నిర్ణయము చేసికొనవలెను. కెమేరాకు ఏ కటకమును తగిలింపవలెను? పెట్టె మూతను బిగించిన తరువాత కటకమును మార్చుటకు వీలులేదు. క్రీడాకారునికి ఎంత చేరువగా పోవలెనో, నీటి అడుగుభాగము ఎంత కనబడునో, బొమ్మ స్పష్టముగా వచ్చునో రాదో ఆ ఎన్నికయే నిర్ణయించును. ఉన్నత పాఠశాలలో నేర్చు వక్రీభవన సూత్రము, గోళాకార తలముల సూత్రము, ఉత్ప్లవన సూత్రము ఈ మూడును ఈ ఒక్క ప్రశ్నలో కలిసివచ్చుట విశేషము.

ఒడ్డు నుండి నీటిలోనికి

తొలిదినములలో ఈ క్రీడను ఒడ్డున నిలిచియే చిత్రించెడివారు. అమెరికాకు చెందిన టామ్ బ్లేక్ అను క్రీడాకారుడు 1930 ప్రాంతమున నీరుచొరని పెట్టెనొకదానిని స్వయముగా తయారుచేసి, కెమేరాతో వైకికీ కెరటములలోనికి వెళ్లెను. అతడు తీసిన చిత్రములు 1935లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో ప్రకటింపబడెను. బ్లేక్ తీసిన చిత్రములను చూచి ఉత్సాహము పొందినవారిలో కాలిఫోర్నియాకు చెందిన దంతవైద్యుడు జాన్ బాల్ ఒకడు. అతడును స్వయముగా ఒక పెట్టెను చేసికొని నీటిలోనికి దిగెను. 1960ల చివర జార్జి గ్రీనో అను కాలిఫోర్నియావాసి బరువైన సినిమా కెమేరాను వీపునకు కట్టుకొని, తానే చిన్నపలకపై మోకరిల్లి కెరటపు గొట్టములోనికి పోయి, అందుండి వెలుపలికి చూచిన దృశ్యమును చిత్రించెను. అప్పటివరకు ఆ దృశ్యము క్రీడాకారులకు తప్ప ఇతరులకు తెలియదు.

1963లో నికాన్ సంస్థ నికోనాస్ అను కెమేరాను విడుదల చేసెను. దీనికి పెట్టె అక్కరలేదు, కెమేరాయే నీరుచొరనిది. 1972లో దానికి 15 మిల్లీమీటర్ల విశాలకోణ కటకము వచ్చెను. నీటిలో దాని పనితనము మిక్కిలి మెచ్చదగినది. కాని ముందుతలము నీటిని తాకియున్నప్పుడే అది సరిగా పనిచేయునట్లు నిర్మింపబడెను. గాలిలో దాని బొమ్మ స్పష్టముగా రాదు. కెరటపు ఛాయాగ్రాహకుని కెమేరా ఒక క్షణము నీటిలోను, మరుక్షణము గాలిలోను ఉండును. అందుచేత నీటికే పరిమితమైన కటకము అతనికి చాలదు. నికోనాస్ ఉత్పత్తి 2001లో ఆగిపోయినది. ఈనాటికిని కెరటములలో ఎక్కువగా వాడుచున్నది మామూలు కెమేరాను, మామూలు కటకమును నీరుచొరని పెట్టెలో నుంచు పద్ధతియే.

నాభ్యంతరము, కోణము, దూరము

36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తుగల ఫిల్ము చట్రమును ప్రమాణముగా తీసికొందురు. ఎలెక్ట్రానిక్ గ్రాహకముగల నేటి పెద్ద కెమేరాలలోను ఇదే కొలత వాడుకలో నున్నది. నాభ్యంతరము తగ్గినకొలది కటకము చూచు కోణము పెరుగును. 50 మి.మీ. కటకము అడ్డముగా సుమారు 40 డిగ్రీల మేర చూచును. 35 మి.మీ. కటకము 54 డిగ్రీలు, 24 మి.మీ. కటకము 74 డిగ్రీలు, 16 మి.మీ. కటకము 97 డిగ్రీలు చూచును.

కోణము పెద్దదైనంత మాత్రమున చిత్రము గొప్పది కాజాలదు. ఒక ఉదాహరణమును లెక్కించి చూచిన విషయము తేటపడును. 1.8 మీటర్ల పొడవుగల పలకపై క్రీడాకారుడు అడ్డముగా పోవుచున్నాడనుకొందము. చట్రములో పలక 14.4 మి.మీ. పొడవు, అనగా వెడల్పులో అయిదింట రెండువంతులు రావలెనన్నచో, 50 మి.మీ. కటకము గలవాడు 6.25 మీటర్ల దూరమున ఉండవలెను. 16 మి.మీ. కటకము గలవాడు 2 మీటర్ల దూరమునకు పోవలెను. రెండు చిత్రములలోను క్రీడాకారుడు ఒకే పరిమాణములో నుండును. అతని స్థానమున చట్రములోనికి వచ్చు వెడల్పు రెండింటను 4.5 మీటర్లే.

అయినచో భేదమెక్కడ? క్రీడాకారునికి 4 మీటర్లు వెనుక కెరటపు గోడ ఉన్నదనుకొన్నచో, 50 మి.మీ. కటకమునకు ఆ గోడలో 7.4 మీటర్లు మాత్రమే కనబడును; 16 మి.మీ. కటకమునకు 13.5 మీటర్లు కనబడును. దగ్గర వస్తువు పెద్దదిగాను, వెనుకనున్న లోకము విశాలముగాను తోచును. కెరటపు గొట్టములో చూపరి తానే ఉన్నట్లు తోచుటకు కారణమిదియే. ఈ గుణము కటకములో లేదు, ఛాయాగ్రాహకుడు నిలిచిన స్థానములో నున్నది. 16 మి.మీ. కటకముతోనే 6.25 మీటర్ల దూరమునుండి తీసినచో పలక చట్రములో 4.6 మి.మీ. మాత్రమే, అనగా ఎనిమిదవ వంతు మాత్రమే వచ్చును. ఆ భాగమును కత్తిరించి పెద్దది చేసినచో లభించునది 50 మి.మీ. కటకపు చిత్రమే, కాకున్న దానికంటె మసకగా నుండును. కాబట్టి విశాలకోణ కటకమును ఎన్నుకొనుట అనగా చేరువకు పోవుటకు అంగీకరించుట.

చేరువకు పోవుటలోని అపాయమును కూడ లెక్కింపవచ్చును. పలక గంటకు 30 కిలోమీటర్ల వేగముతో ఛాయాగ్రాహకుని వైపు మరలినచో సెకనుకు 8.3 మీటర్లు వచ్చును. 6.25 మీటర్ల దూరమును దాటుటకు ముప్పాతిక సెకను పట్టును. 2 మీటర్ల దూరమును దాటుటకు పావు సెకను కూడ పట్టదు. కంటితో చూచి చేయి కదలించుటకే మనిషికి దాదాపు అంతకాలము కావలెను. 6 మీటర్ల నుండి చూచువానికి మునుగుటకు వ్యవధి గలదు. 2 మీటర్ల నుండి చూచువాడు ముందే ఊహించియుండవలెను. పలక అడుగునగల రెక్కలు కత్తులవలె నుండునన్న సంగతి ఇచ్చట మరువరాదు.

సమతల గవాక్షము చేయు మోసము

పెట్టెలో కటకమునకు ఎదురుగా నుండు గాజు లేక ప్లాస్టిక్ పలకను గవాక్షమనవచ్చును. అది సమతలముగా నున్నచో తయారుచేయుట సులభము. కాని నీటిలో మునిగినప్పుడు అది కటకపు కోణమును హరించును. నీటి వక్రీభవన గుణకము సుమారు 1.33. నీటినుండి గాలిలోనికి ఏటవాలుగా వచ్చు కిరణము లంబమునుండి దూరముగా వంగును. 16 మి.మీ. కటకము గాలిలో ఇరువైపుల 48.4 డిగ్రీల చొప్పున చూచును. స్నెల్ సూత్రము ప్రకారము గవాక్షమునకు ఆవల నీటిలో ఆ కిరణములు 34.2 డిగ్రీలలోనే యుండును. అనగా 97 డిగ్రీల కోణము 68 డిగ్రీలకు తగ్గిపోవును. ఎంతో వెలబోసి కొన్న 16 మి.మీ. కటకము నీటిలో 26 లేక 27 మి.మీ. కటకమువలె ప్రవర్తించును.

ఇంకొక విచిత్రము గలదు. నీటికి, గాలికి మధ్య సందిగ్ధ కోణము సుమారు 48.7 డిగ్రీలు. దానిని మించిన కోణముతో వచ్చు కిరణము గాలిలోనికి రాక నీటిలోనికే పరావర్తనము చెందును. కాబట్టి సమతల గవాక్షము వెనుక ఎట్టి కటకమును ఉంచినను నీటిలో 97 డిగ్రీలకు మించి చూడజాలదు. 180 డిగ్రీలు చూడగల కటకమును సమతల గవాక్షము వెనుక ఉంచి నీట ముంచుట, పెద్ద కడవకు చిన్నమూతి పెట్టుట వంటిది. పైగా అంచులకు పోవుకొలది బొమ్మ సాగును. వివిధ వర్ణముల కిరణములు వేరువేరుగా వంగుటచే అంచులలో రంగుల గీతలు ఏర్పడును.

అయినను సమతల గవాక్షమును నిందింపరాదు. కెమేరాను నీటి ఉపరితలమునకు పైన పట్టి చిత్రము తీసినప్పుడు గవాక్షమునకు రెండు వైపుల గాలియే యుండును. అప్పుడు కోణము తగ్గదు. తేలుచు పైభాగమును మాత్రమే చిత్రించువానికి, అందునను 35 లేక 50 మి.మీ. కటకము వాడువానికి, సమతల గవాక్షమే తేలికయైనది, చౌకయైనది.

అర్ధగోళపు గుమ్మటము

కోణమును కాపాడుటకు ఉపాయము అర్ధగోళాకారపు గవాక్షము. వృత్తకేంద్రము వైపు పోవు ప్రతిరేఖయు వృత్తమునకు లంబముగా నుండునని రేఖాగణితము చెప్పును. కటకములోనికి ముందునుండి చూచినచో కనబడు ద్వారపు ప్రతిబింబమును గుమ్మటపు కేంద్రమున నుంచినచో, ఏ దిక్కునుండి వచ్చు ముఖ్యకిరణమైనను గుమ్మటమును లంబముగానే తాకి, వంగక లోనికి పోవును. 97 డిగ్రీలు 97 డిగ్రీలుగానే యుండును. ఆ కేంద్రము తప్పినచో ఫలము తగ్గును. నాభ్యంతరమును మార్చునప్పుడు ద్వారపు ప్రతిబింబము ముందు వెనుకలకు జరుగు కటకములకంటె స్థిరమైన నాభ్యంతరముగల కటకమును పలువురు కోరుటకు ఇది ఒక కారణము.

కాని గుమ్మటము ఊరక ఇచ్చునది కాదు. నీటికి, గాలికి మధ్య ఆ వక్రతలము పుటాకార కటకమువలె పనిచేసి, ఎదుటనున్న వస్తువునకు మిథ్యాబింబమును ఏర్పరచును. గోళాకార తలముల సూత్రమున లెక్కించినచో, అనంతదూరమున నున్న వస్తువు యొక్క మిథ్యాబింబము గుమ్మటపు తలమునుండి దాని వక్రతా వ్యాసార్ధమునకు మూడురెట్ల దూరమున ఏర్పడును. వ్యాసార్ధము 10 సెంటీమీటర్లయినచో, నీటిలో ఎంతో దూరమున నున్న వస్తువు కూడ గుమ్మటమునకు 30 సెంటీమీటర్ల ముందున్నట్లే తోచును. మీటరు దూరమున నున్న వస్తువు 22 సెంటీమీటర్ల దూరమున తోచును. వ్యాసార్ధము 5 సెంటీమీటర్లయినచో ఈ దూరములు 15 సెంటీమీటర్లకు, 12.6 సెంటీమీటర్లకు తగ్గును.

అందుచే గుమ్మటము వెనుక నుంచు కటకము చాల దగ్గరి వస్తువును కూడ స్పష్టముగా చూపగలదై యుండవలెను. కటకమును కొనునప్పుడు కోణమును మాత్రమే చూచి, కనిష్ఠ స్పష్టదూరమును చూడనివాడు నీటిలో మోసపోవును. కోణమున గొప్పదైన కటకము అర మీటరుకంటె దగ్గరగా చూడలేనిచో చిన్న గుమ్మటము వెనుక అది గ్రుడ్డిదే.

సగము నీట, సగము గాలిలో

కెరటపు చిత్రములలో మిక్కిలి చూడముచ్చటైనది, కష్టసాధ్యమైనది ఒకటి గలదు. నీటిమట్టము చట్రమునకు నడుమగా పోవును. పైభాగమున ఆకాశము, క్రీడాకారుడు. క్రిందిభాగమున రాతిగట్టు, నీటి లోతు. సమతల గవాక్షముతో దీనిని తీసినచో క్రిందిభాగము పైభాగముకంటె పెద్దదై, రెండును అతుకక పోవును. గుమ్మటము రెండు సగములకును ఒకే కొలతను ఇచ్చును.

కాని స్పష్టత మాట ఏమి? గుమ్మటపు పైసగమునకు ఇరువైపుల గాలియే గనుక అక్కడ మిథ్యాబింబపు చిక్కు లేదు. క్రీడాకారుడు నిజముగా 2 మీటర్ల దూరముననే యుండును. క్రింది సగములో నున్నదంతయు కేంద్రమునుండి 40 సెంటీమీటర్లలోపలనే తోచును. ఈ రెండింటిని ఒక్కసారి స్పష్టముగా చూపుటకు ద్వారమును చిన్నది చేయవలెను. 16 మి.మీ. కటకమును ఎఫ్ 8 ద్వారముతో వాడి, 1.07 మీటర్లకు సరిచేసినచో, 53 సెంటీమీటర్ల నుండి అనంతము వరకు స్పష్టముగా వచ్చును. ఇది గాలిలోని చిత్రమునకు చాలును. నీటిలోని 40 సెంటీమీటర్లకు చాలదు. ఎఫ్ 11 ద్వారముతో 39 సెంటీమీటర్ల నుండి, ఎఫ్ 16 ద్వారముతో 27 సెంటీమీటర్ల నుండి అనంతము వరకు వచ్చును. అనగా 10 సెంటీమీటర్ల వ్యాసార్ధముగల గుమ్మటముతో, ఎఫ్ 11 ద్వారమున దూరపు రాతిగట్టు అంచుమీద స్పష్టమగును. మీటరు దూరపు రాయి, కేంద్రమునుండి 32 సెంటీమీటర్ల దూరమున తోచును గనుక, ఎఫ్ 16 ద్వారమున స్పష్టమగును. 5 సెంటీమీటర్ల గుమ్మటములో దూరపు రాతిగట్టే కేంద్రమునుండి 20 సెంటీమీటర్ల దూరమున తోచుటచే ఎఫ్ 16 ద్వారము కూడ చాలదు.

ద్వారమును చిన్నది చేసినచో వెలుతురు తగ్గును. క్రీడాకారుడు కదలుచుండును గనుక షట్టరు వేగమును తగ్గించుటకు వీలులేదు. సెకనుకు 8.3 మీటర్ల వేగముతో 2 మీటర్ల దూరమున అడ్డముగా పోవు వస్తువు, సెకనులో 125వ వంతు కాలములో 16 మి.మీ. కటకపు చట్రముపై అర మిల్లీమీటరునకు మించి జరుగును. అది కంటికి మసకగా కనబడును. సెకనులో 2000వ వంతు కాలములో 0.033 మి.మీ. మాత్రమే జరుగును. నిండు ఎండలో 64 వేగముగల ఫిల్ముతో సెకనులో 1000వ వంతు కావలెనన్నచో ద్వారమును ఎఫ్ 4 వరకు తెరువవలసి వచ్చెడిది. సగము నీటి చిత్రము ఫిల్ముకాలమున అంత కష్టమగుటకు ఇది ముఖ్యకారణము. నేటి గ్రాహకముల సూక్ష్మగ్రాహ్యతను 1000 వరకు పెంచినను బొమ్మ చెడదు. నిండు ఎండలో ఎఫ్ 16 ద్వారముతో సెకనులో 1000వ వంతు సాధ్యమగుచున్నది.

పెద్ద గుమ్మటము మంచిదన్నచో దానికి ఆర్కిమెడీస్ సూత్రము అడ్డుతగులును. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధముగల అర్ధగోళము దాదాపు 2,100 ఘనసెంటీమీటర్ల నీటిని తొలగించును. కెరటము మీదపడునప్పుడు దానిని క్రిందికి లాగుకొనుచు మునుగువాడు 2 కిలోగ్రాముల బరువునకు మించిన ఉత్ప్లవన బలముతో పెనగులాడవలెను. 5 సెంటీమీటర్ల గుమ్మటమునకు ఈ బలము దానిలో ఎనిమిదవ వంతే. వ్యాసార్ధము సగమైనచో ఘనపరిమాణము ఎనిమిదవ వంతగునన్న పాఠము ఇక్కడ ఊపిరితో ముడిపడియున్నది.

చేపకన్ను

విశాలకోణ కటకములు రెండు జాతులు. మొదటిది సరళరేఖలను సరళరేఖలుగానే చూపును. కాని అంచులలోని వస్తువులను సాగదీయును. అక్షమునుండి 48 డిగ్రీల దూరమున ఈ సాగుడు కేంద్రమునుండి వెలుపలి దిక్కుగా రెండు రెట్లకు మించును. అంచున పడిన క్రీడాకారుని కాలు గాని, తల గాని వికృతముగా తోచును. రెండవది చేపకన్ను కటకము. 15 లేక 16 మి.మీ. నాభ్యంతరముగల చేపకన్ను కటకము చట్రపు ఒక మూలనుండి ఎదురుమూలకు 180 డిగ్రీలు చూచును. అంచులలోని ఆకారములు దీనిలో అంతగా సాగవు. బదులుగా సరళరేఖలు వంగును.

ఈ పేరు నీటినుండియే వచ్చినది. నీటిలోని చేప పైకి చూచినచో ఆకాశమంతయు సుమారు 97 డిగ్రీల వృత్తములో ఇమిడి కనబడును. అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వుడ్ ఈ దృశ్యమును నీటితో నింపిన కెమేరాతో చిత్రించి, 1906లో చేపకంటి చూపును గూర్చి వ్యాసము ప్రకటించెను. 1924లో ఇంగ్లండునందు రాబిన్ హిల్ మేఘములతో కూడిన ఆకాశమంతటిని ఒకేసారి చిత్రించుటకు ఇట్టి కటకమును రూపొందించెను. కిరణజన్య సంయోగక్రియను అభ్యసించు విద్యార్థులకు హిల్ చర్య పేరుతో పరిచితుడైన శాస్త్రజ్ఞుడు ఇతడే. నీటిలో పుట్టిన ఊహ ఆకాశమును చూచి, మరల నీటిలోనికి వచ్చినది.

భవనములను చిత్రించువాడు చేపకన్నును చూచి భయపడును. స్తంభములు వంగిపోవును గదా. కెరటములో సరళరేఖయే లేదు. గొట్టపు గోడ మొదటనే వంపు. దానిని కటకము మరికొంత వంచినను కంటికి తెలియదు. పట్టి ఇచ్చునది దిగంతరేఖ ఒక్కటే. దానిని చట్రపు కేంద్రము గుండా పోవునట్లు పట్టుకొన్నచో అదియు నిటారుగనే యుండును. కెరటములో కంటికి కెమేరాను ఆనించి చూచుటకు సావకాశము ఉండదు. చేయిచాచి, ఊహనుబట్టి మీట నొక్కవలెను. గురి కొంచెము తప్పినను విషయము చట్రములోనే యుండుట చేపకన్ను ఇచ్చు ఇంకొక లాభము.

ఒక్క నీటిబొట్టు

అన్నియు సరిగా కుదిరినను ఒక నీటిబొట్టు చిత్రమును పాడుచేయవచ్చును. ఇక్కడ కూడ చిన్న నాభ్యంతరమునకే కష్టమెక్కువ. 50 మి.మీ. కటకమును ఎఫ్ 4 వద్ద వాడినచో ద్వారపు వ్యాసము 12.5 మి.మీ. గవాక్షముపై 4 మి.మీ. బొట్టు దాని వైశాల్యములో పదవవంతును మాత్రమే కప్పును. బొమ్మ ఆచోట కొంచెము మసకబారును, అంతే. 16 మి.మీ. కటకమును ఎఫ్ 8 వద్ద వాడినచో ద్వారపు వ్యాసము 2 మి.మీ. మాత్రమే. అదే బొట్టు ఆ దిక్కునుండి వచ్చు కిరణములనన్నింటిని పూర్తిగా కప్పివేయును. బొమ్మలో ఆచోట మచ్చ తప్పదు. ఛాయాగ్రాహకులు గవాక్షమును నాలుకతో తడిపి, నీట ముంచి తీయుదురు. చూచువారికి నవ్వు వచ్చును గాని, దీనివలన నీరు బొట్లుగా ముడుచుకొనక పలుచని పొరగా వ్యాపించును. పొర కాంతిని చెదరగొట్టదు, బొట్టు చెదరగొట్టును.

నిర్ణయము

ఒడ్డున నిలిచిన ఛాయాగ్రాహకుడు కటకమునకంటె ముందు కెరటమును చూడవలెను. కెరటము పరిచయమైనది, అలవాటైన క్రీడాకారుడు ఒకడే ఉన్నాడు, గొట్టము స్పష్టముగా ఏర్పడుచున్నది అన్నచో చేపకన్నును, గుమ్మటమును ఎన్నుకొనవచ్చును. సగము నీటి చిత్రమే కావలెనన్నచో పెద్ద గుమ్మటము, చిన్న ద్వారము, ప్రశాంతమైన చిన్న కెరటము కావలెను. క్రొత్త తీరమునకు వచ్చినవాడు, లేక పలువురు క్రీడాకారులు గుమిగూడినచోట దిగువాడు 35 లేక 50 మి.మీ. కటకమును, సమతల గవాక్షమును తీసికొని ఆరుమీటర్ల దూరమున నుండుట వివేకము. వచ్చు చిత్రము అంత అబ్బురముగా నుండకపోవచ్చును. కాని మరునాడు మరల నీటిలో దిగుటకు మనిషి మిగిలియుండును. విశాలకోణ కటకము చేతనున్నవాడు దూరముగా నిలిచినచో చిత్రము దక్కదు. ఆ లోభమున చేరువకు పోయినచో ప్రాణమునకు హామీ లేదు. కటకముతోబాటు ఎంత దూరమున నిలువవలెనో కూడ ఒడ్డుననే ఎన్నుకొనవలెనని చెప్పుటకు కారణమిదియే.

తరగతిలో చేయదగిన మూడు ప్రయోగములు

ఒక అట్టముక్కలో 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పుగల కిటికీని కత్తిరించి, ఒక కంటికి 50 మి.మీ. దూరమున పట్టి చూడవలెను. పిమ్మట 24 మి.మీ. దూరమున జాగ్రత్తగా పట్టి చూడవలెను. గదిలో ఎంత భాగము కనబడుచున్నదో పోల్చినచో నాభ్యంతరమునకు, కోణమునకు గల సంబంధము సులభముగా బోధపడును.

తొట్టిలో నీరుపోసి అడుగున ఒక నాణెమునుంచి, అడుగు సమతలముగానున్న ఖాళీ గాజుగ్లాసును నీటిలోనికి నొక్కి, దానిగుండా చూడవలెను. నాణెము దగ్గరకు జరిగి పెద్దదైనట్లు తోచును. ఇది సమతల గవాక్షము.

గ్లాసునకు బదులు సన్నని గాజుతో చేసిన గుండ్రని ఖాళీగిన్నెను అట్లే నొక్కి, దాని నడిమినుండి చూడవలెను. తొట్టి అడుగుభాగము ఎక్కువ మేర కనబడును. ఇది గుమ్మటము. గిన్నెను అడుగంట నొక్కుటకు ఎంత బలము కావలసి వచ్చినదో విద్యార్థి చేయియే చెప్పును. మీదికి కెరటము వచ్చుచుండగా అదే బలముతో పెనగులాడవలసిన మనిషిని ఆ క్షణమున తలచుకొన్నచో, ఒక ఛాయాచిత్రము వెనుక ఎంత భౌతికశాస్త్రము, ఎంత సాహసము దాగియున్నవో తెలియును.